ఇస్తాంబుల్‌లో హమామ్ స్నానం: అమ్మానాన్నలతో పోతున్నాం, ఏమేం చూసుకోవాలి?

తిరుచానూరు అమ్మాయి

ఏప్రిల్‌లో టర్కీ ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మా ఆయన, అమ్మ, నాన్న. చెన్నైలో ఎక్కి, దోహాలో మారి ఇస్తాంబుల్. ఆ తర్వాత కప్పడోకియా, పముక్కలె. అక్కడి పాతకాలపు హమామ్‌లో, అంటే వేడి ఆవిరి స్నానశాలలో, స్నానం చెయ్యాలని అందరికీ ఉంది గానీ చదివేకొద్దీ అయోమయమే ఎక్కువవుతోంది.

నాన్నకి అరవై దాటాయి, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, షుగర్ కూడా ఉంది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా ఉంటుందా, అందరూ ఒకే చోటేనా? ఒంటి మీద ఏం ఉంచుకోవాలి? ప్యాకేజీల్లో ఏది తీసుకోవాలి? ఇంకొకటి. ఒంటికి నూనె పట్టించుకుని పోతే చర్మం మెత్తబడి మురికి బాగా వదులుతుందని అమ్మ అంటోంది, కొబ్బరినూనె సీసా అప్పుడే సూట్‌కేసు పక్కన పెట్టేసింది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చంద్రగిరి కోట

సీసా తీసుకుపొమ్మనండి, కానీ వాడేది స్నానం అయ్యాక. హమామ్ ఎక్కువగా చెడిపోయేది ఈ నూనె దగ్గరే కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

మన తలంటులో నూనె పట్టించి సున్నిపిండితో నలుస్తాం. పిండి ఆ జిడ్డును పీల్చుకుని రాలిపోతుంది. హమామ్‌లో పిండి ఉండదు. రుద్దేది కెసె అనే చేతిసంచితో. చేతికి తొడుక్కునే గరుకు నేతగుడ్డ అది. చర్మం బాగా నాని, జిడ్డు లేకుండా ఉంటేనే దానికి పట్టు దొరుకుతుంది. నూనె గానీ, సన్‌స్క్రీన్ గానీ, పొద్దున రాసుకున్న లోషన్ గానీ ఉంటే కెసె జారిపోతుంది. రుద్దేవాళ్లు ఇంకా గట్టిగా నొక్కుతారు, ఒళ్లు ఎర్రగా కందుతుంది, మురికి మాత్రం రాదు. అందుకే ఆరోజు పొద్దున ఒంటికి ఏమీ రాసుకోవద్దు. లోపలికి పోయాక కెసె అయ్యేదాకా సబ్బు కూడా ముట్టుకోవద్దు. సబ్బు పడ్డా ఇదే తంతు.

రెండోది ఓపిక. తడివేడికి చర్మం పైపొరలోని మృతకణాలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, వదులవుతాయి. దానికి కనీసం పదిహేను నిమిషాలు పడుతుంది, ఇరవై అయితే ఇంకా మంచిది. అప్పుడు కెసె లాగితే బూడిదరంగు పోగులు చుట్టుకుని వస్తాయి. జనం రద్దీగా ఉండే హమామ్‌లలో టూరిస్టులను ఐదు నిమిషాలకే పిలిచి రుద్దేసి పంపిస్తారు. డబ్బు దండగ అయ్యేది అక్కడే. పిలిస్తే "దహా సోన్రా" అనండి, తర్వాత చేద్దామని. చెయ్యి ఊపి ఇంకా పడుకునే ఉంటే వాళ్లే అర్థం చేసుకుంటారు.

ఇక లోపల ఏం జరుగుతుందంటే, మొదట గుమ్మటం కింద పెద్ద హాలు ఉంటుంది. బట్టలు మార్చుకునే గదులు దాని చుట్టూనే. డబ్బు కట్టాక లాకర్ తాళంచెవి, పెష్తెమాల్ ఇస్తారు. పెష్తెమాల్ అంటే మన తువ్వాలు లాంటి పలుచటి నూలుగుడ్డ, నడుముకి చుట్టుకునేది. చెప్పులు కూడా ఇస్తారు, కొన్నిచోట్ల చెక్క పావుకోళ్లు. తడి పాలరాయి మీద పావుకోళ్లతో నడవడం అలవాటు లేకపోతే రబ్బరు చెప్పులు అడగండి. తర్వాత గోరువెచ్చగా ఉండే మధ్యగది, దాని తర్వాత అసలు వేడిగది.

వేడిగది మధ్యలో పెద్ద పాలరాతి అరుగు ఉంటుంది, గోబెక్‌తాషి అంటారు. గోడల పొడుగునా కుర్నాలు, అంటే రాతి తొట్లు. రాయి కింద, నేల కింద ఖాళీ వదిలి, కొలిమిగది నుంచి వేడిగాలి అందులోకి పోయేలా కట్టారు. రోమన్ల కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఒకప్పుడు కట్టెలు కాల్చేవాళ్లు, ఇప్పుడు చాలా చోట్ల గ్యాస్. గది వేడి సుమారు 40 నుంచి 50 డిగ్రీలు, గాలి నిండా తేమ. జిమ్‌లలో ఉండే సౌనా 80 దాటుతుంది గానీ ఆ వేడి పొడిది. ఇక్కడ వేడి తక్కువే, కానీ తడి.

అరుగు ఎక్కే ముందు తాస్‌తో, అంటే చిన్న లోహపు గిన్నెతో, కుర్నాలో నీళ్లు ముంచి ఒళ్లంతా పోసుకోండి. తర్వాత రాయి మీద పడుకోండి. రాయి అంతా ఒకే వేడిగా ఉండదు, చేత్తో తడిమి చూసి ఓర్చుకోగలిగే చోటు చూసుకోండి. కాసేపు వెల్లకిలా, కాసేపు బోర్లా. మధ్యలో లేచి నీళ్లు పోసుకుని మళ్లీ పడుకోవచ్చు.

రుద్దడానికి మగవాళ్లకి తెల్లాక్ వస్తాడు, ఆడవాళ్లకి నతిర్ వస్తుంది. కెసె పని ఓ పది, పదిహేను నిమిషాలు. నీళ్లతో కడిగాక నురుగు. సబ్బునీళ్లలో ముంచిన పలుచటి గుడ్డసంచిని గాలితో ఉబ్బించి, పైనుంచి కిందికి పిండితే మనిషి కనపడనంత నురుగు పడుతుంది. ఆ నురుగు మీదే మర్దన. ఆ తర్వాత తల కడిగి, నీళ్లు పోసి, పొడి గుడ్డలు చుట్టి చల్లటి హాల్లో కూర్చోబెట్టి టీ గానీ షర్బత్ గానీ ఇస్తారు. మొత్తం గంట, గంటంబావు. హాల్లో కూర్చునే అరగంట కూడా స్నానంలో భాగమే, తొందరపడి లేచి పోవద్దు.

ప్యాకేజీ అంటారా, కెసె, నురుగు రెండూ ఉన్నది చాలు. నూనె మసాజ్ వేరే బల్ల మీద, వేరే గదిలో చేస్తారు. ధర ఒక్కసారిగా పెరిగేది దానికే, హమామ్‌కి దానికి సంబంధం లేదు. మట్టి లేపనం కూడా అంతే.

మదనపల్లె టమాటా

ఆడవాళ్ల సంగతి నేను చెప్తాను.

వేరువేరుగానే ఉంటాయి, కానీ మూడు రకాలు. పాత పెద్ద హమామ్‌లు జంటగా కట్టినవి, ఒకే గోడకి అటు ఆడవాళ్లు ఇటు మగవాళ్లు. 1584 నాటి చెంబెర్లితాష్ హమామ్, 1741 నాటి జాలోలు హమామ్ ఇలాంటివి. పాత కట్టడం ఆయాసోఫియా పక్కనున్న హుర్రెమ్ సుల్తాన్ హమామ్, 1556లో ఒట్టోమన్ల శిల్పి సినాన్ కట్టింది, అదీ అంతే. మీ నలుగురికీ ఇవే సుఖం, ఒకే సమయంలో లోపలికి పోవచ్చు. రెండో రకంలో హమామ్ ఒకటే, వేళలు వేరు. తోఫానె ట్రామ్ స్టాప్ దగ్గరి కిలిచ్ అలీ పాషా అలాంటిది, పొద్దుటిపూట నుంచి మధ్యాహ్నం దాకా ఆడవాళ్లు, సాయంత్రం నుంచి మగవాళ్లు. ముందుగా బుక్ చేసుకోకుండా పోతే అక్కడ చోటు దొరకడం కష్టం. మూడోది ఆడామగా కలిసి పోయేది. సులేమానియె మసీదు దగ్గరి హమామ్ జంటలకీ కుటుంబాలకీ. కానీ అక్కడ రుద్దేది మగవాళ్లు. ఆ సంగతి ముందే తెలుసుకుని పోవాలి, లోపలికి పోయాక అమ్మ ఇబ్బంది పడకూడదు కదా.

ఒంటి మీద ఏముండాలంటే, మగవాళ్లు పెష్తెమాల్ ఎప్పుడూ విప్పరు. తెల్లాక్ కూడా దాన్ని అటూఇటూ జరిపి రుద్దుతాడే తప్ప తియ్యడు. ఆడవాళ్ల వైపు అంత పట్టింపు ఉండదు, చాలామంది లోపలి కింద బట్ట ఒక్కటే ఉంచుకుంటారు. బిడియంగా ఉంటే ఈత దుస్తులు వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. కానీ ఒళ్లంతా కప్పే ఈత దుస్తులైతే కెసె ఎక్కడ రుద్దాలి? రెండు ముక్కల బట్ట అయితే వీపు పని బాగా అవుతుంది. ఆరిన ఇంకో జత తప్పకుండా పట్టుకుపోండి. కొన్నిచోట్ల వాడి పారేసే బట్ట ఇస్తారు, అది తడిసిందంటే నిలవదు.

నగల విషయం. గాజులు, ఉంగరాలు, చెవి జుంకాలు హోటల్ గదిలోనే పెట్టి రండి. లోహం వేడెక్కుతుంది, పైగా కెసె నేతకి తట్టుకుంటుంది. నల్లపూసలయితే అసలు వద్దు, పూసల సందుల్లో నేత చిక్కుకుని దండ తెగుతుంది. పుస్తెలు తియ్యనివాళ్లు గొలుసు ఒక్కటే ఉంచుకుని, పడుకున్నప్పుడు పక్కకి జరుపుకోవాలి. పసుపుతాడు అయితే తడిసి తెల్ల గుడ్డల మీద రంగు దిగుతుంది, చెప్పి చుట్టించుకోండి. మెట్టెలు బిగుతుగా ఉంటే తియ్యడానికి తంటాలు పడకండి, పాదం దగ్గర చూసి రుద్దమంటే చాలు.

వాక్సింగ్ గానీ షేవింగ్ గానీ చేసుకుంటే హమామ్‌కి కనీసం రెండు రోజుల ముందే అయిపోవాలి. లేకపోతే కెసె తగిలిన చోటల్లా మంట.

పొడుగు జుట్టు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. నురుగు సబ్బుతో తల కడిగితే జుట్టు ఉండలు కట్టి దువ్వెన దిగదు. ముడి పైకి కట్టుకుని తల వద్దని చెప్పండి, లేదా మీ షాంపూ, కండిషనర్ ఇచ్చి వాటితో కడగమనండి. ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ పగలు 16 డిగ్రీలు, రాత్రి 8 అలా ఉంటుంది. తడి తలతో బయటికొస్తే మన ఊరి అలవాటుకి జలుబు ఖాయం. అక్కడ డ్రయర్ ఉంటుంది, పూర్తిగా ఆరాకే బయల్దేరండి. నెలసరి రోజులైతే ఆ రోజు వదిలేసి ఇంకో రోజుకి మార్చుకోవడమే మేలు.

పలమనేరు ఘాటు

ఇంత ఖర్చు పెట్టి అక్కడి స్టీమ్ బాత్ ఎందుకండీ? తిరుపతిలోనే పెద్ద హోటళ్లలో ఉంది. మే నెలలో అలిపిరి మెట్లు ఎక్కితే అదే హమామ్.

నర్సక్క చిత్తూరు

మెట్ల మాట నవ్వుకోవడానికి బాగుంది గానీ, ఆ పోలిక నమ్ముకునే మనవాళ్లు అక్కడ కళ్లు తిరిగి పడుతుంటారు. మన ఎండ 42 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరుతుంది, ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. హమామ్‌లో గాలి తేమతో నిండి ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అందుకే తక్కువ డిగ్రీలయినా ఎక్కువ భారం.

మీ నాన్నగారి విషయం. వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ దిగుతుంది. ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలూ నాళాలను వదులు చేసేవే. ఈ రెండిటి ప్రభావం పడుకున్నప్పుడు తెలియదు, గభాలున లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతాయి. మాత్రతో పాటు నీరు పోయించే మందు, అంటే క్లోర్తాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటిది, కలిసి ఉంటే ఇంకా జాగ్రత్త. చెమటతో పోయేది పోను, అదీ నీరు, ఉప్పు లాగేస్తుంది. అలాగని ఆరోజు మాత్ర మానెయ్యకూడదు. ప్రయాణానికి ముందు మాత్రల చీటీ తీసుకుపోయి మీ డాక్టరుగారిని అడగండి. గుండెకి స్టెంట్, పేస్‌మేకర్, ఈ మధ్య గుండెనొప్పి, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరు సరేనంటేనే. గర్భిణులు మాత్రం మానుకోవాలి.

డాక్టరు ఒప్పుకుంటే ఇలా చెయ్యండి. వేడిగదిలో ఒక విడత పది నిమిషాలు మించకూడదు. తర్వాత మధ్యగదికి వచ్చి కూర్చుని నీళ్లు తాగి, కుదుటపడ్డాక మళ్లీ లోపలికి. కెసెకి కావలసినంత నానడం రెండు విడతల్లో అయిపోతుంది. లేచేటప్పుడు పక్కకి ఒరిగి, కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలాగి, అప్పుడు నిలబడాలి. చల్లనీళ్లు తల మీద ఒక్కసారిగా గుమ్మరించుకోకూడదు, పాదాల నుంచి మొదలుపెట్టాలి. చెవుల్లో హోరు, వికారం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆగకుండా బయటికి తీసుకొచ్చి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. లోపలికి మీ ఆయన నాన్నగారితోనే పోవాలి, ఒక్కరినే వదలొద్దు.

అమ్మగారికి షుగర్ అన్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్ద భయం లేదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఉంటే షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ వేసుకున్న చోట వేడి తగిలితే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. షుగర్ పడినప్పుడు పట్టే చెమటకీ హమామ్ చెమటకీ తేడా తెలియదు, అసలు ప్రమాదం అది. ఖాళీ కడుపుతో పోకూడదు, నిండా తిని కూడా పోకూడదు. తిన్నాక గంటన్నర, రెండు గంటలకు వెళ్లడం సరి. గ్లూకోజ్ బిళ్లలు దగ్గర ఉంచుకోవాలి. అరికాళ్లలో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉంటే వేడిరాయి మీద పాదాలు ఆనించవద్దు. కాలుతున్నా తెలియదు. ముందుగా చేత్తో తడిమి చూడాలి.

దిగిన రోజే హమామ్ పెట్టుకోకండి. రాత్రంతా విమానంలో ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. ఒక రాత్రి నిద్రపోయి, నీళ్లు బాగా తాగి మర్నాడు వెళ్లండి.

పుత్తూరు కట్టు

పేరు చూసి మోకాళ్లకి కట్టు కట్టమని అడగద్దండి, చెప్పాల్సింది చెప్తా.

అమ్మకి రాయి ఎక్కడమే కష్టం. అరుగు మోకాలి కన్నా ఎత్తుగా ఉంటాది, పట్టుకోను కమ్మీలు ఉండవు, నీళ్లూ సబ్బూ కలిసి పాలరాయి నున్నగా జారతా ఉంటాది. ఒక్కో గదికీ మధ్యన గుమ్మాలు చిన్నవి, వేడి పోకుండా అట్ల కట్టినారు. గడప కాడ తలా చూసుకోవాల, కాలూ చూసుకోవాల. రాయి మీద బోర్లా పడుకుంటే మోకాలిచిప్ప నేరుగా రాతికి ఒత్తుకుంటాది. ఇంకో పెష్తెమాల్ అడిగి, నాలుగు మడతలేసి మోకాళ్ల కింద పెట్టుకోమనండి. అదీ వద్దంటే కుర్నా పక్కన కూర్చునే గట్టు ఉంటాది, దాని మీద కూర్చోబెట్టి రుద్దమంటే రుద్దుతారు. మర్దన చేసేటప్పుడు మోకాలు మడిచి తిప్పేవాళ్లు ఉంటారు, ముందే మోకాలు చూపించి చెయ్యి అడ్డంగా ఊపితే చాలు. మెల్లగా అంటే "యవాష్". పైపైన అంటే "హఫీఫ్". ఈ రెండు మాటలు నలుగురూ నేర్చుకోండి.

కుర్నా కాడ ఒక పద్ధతి ఉండాది. మన గంగాళంలో మాదిరి చెయ్యి పెట్టి కడుక్కోగూడదు, సబ్బు నురుగు దాంట్లో పడగూడదు. ఆ తొట్టికి అడుగున తూము ఉండదు. కొళాయి నీళ్లు పడి పైనుంచి పొర్లిపోవాల్సిందే. దాంట్లో సబ్బు కలిస్తే తర్వాత ముంచుకునేవాళ్లకి అదే దిక్కు. తాస్ ముంచేటప్పుడు కూడా సబ్బు అంటి ఉంటే ముందు దాన్ని కడగాల. వేడి, చల్ల కొళాయిలు రెండుంటాయి, తొట్లోనే కలుపుకోవాల. నేరుగా వేడికొళాయి కింద తాస్ పట్టి నెత్తిన పోసుకుంటే కాలతాది.

తిరుచానూరు అమ్మాయి

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంకో నాలుగు ప్రశ్నలు. మా చెల్లెలి పెళ్లి మార్చి నెలాఖరున. చేతులకీ కాళ్లకీ మెహెందీ ఉంటుంది, ఏమైనా ఇబ్బందా? నాన్నకి జంధ్యం, మొలతాడు రెండూ ఉంటాయి, తియ్యరు. పెళ్లి అయ్యాక మా ఆయన కొండకి పోయి మొక్కు తీర్చుకుంటారు, గుండుతోనే విమానం ఎక్కుతారు. ఇంకా, పేరున్న హమామ్‌లు యూరోల్లో ధర చెప్తున్నాయి, వీధుల్లో ఉండే మామూలు హమామ్ అయితే తక్కువ కదా, అక్కడికి పోవచ్చా? టిప్ ఎంత ఇవ్వాలి?

మదనపల్లె టమాటా

మెహెందీకి ఇబ్బంది లేదు, మెహెందీయే ఉండదు! ఆ రంగు పట్టేది చర్మం పైపొరలోని మృతకణాలకే, కెసె ఊడదీసేది వాటినే. అరచేతుల్లో పొర మందం కాబట్టి కొంచెం మిగులుతుంది, ముంజేతుల మీద, పాదాల మీద అయితే అక్కడక్కడా తెల్లబడి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఫొటోల కోసం నిలుపుకోవాలంటే మోచేతి కింద, చీలమండ కింద రుద్దొద్దని చెప్పండి. గోరింటాకు పెట్టుకున్నా ఇదే వరస.

స్నానం తర్వాత ఆరోజు ఎండలో ఎక్కువ తిరగకండి. పైపొర పలచబడి ఉంటుంది, త్వరగా కమిలిపోతుంది. పముక్కలెలో తెల్లరాయి మీద ఎండ తిరిగి ముఖానికే కొడుతుంది, అందుకే దానికి ముందురోజు హమామ్ పెట్టుకోవద్దు. కప్పడోకియా దుమ్మంతా చూసి ఇస్తాంబుల్ తిరిగొచ్చాక పెట్టుకుంటే ఎక్కువ హాయి, అమ్మానాన్నలకి కూడా అప్పటికి వాతావరణం అలవాటవుతుంది. ఇదిగో, కొబ్బరినూనె సీసా బయటికి తియ్యాల్సింది ఇప్పుడు. ఒళ్లు తడి ఆరీ ఆరకముందే పలచగా రాస్తే బాగా ఇంకుతుంది. సెంటు మాత్రం వెంటనే కొట్టుకోవద్దు, చురుక్కుమంటుంది.

చంద్రగిరి కోట

జంధ్యం తియ్యక్కర్లేదు. దండలాగా మెడలో వేసుకుని, బోర్లా పడుకున్నప్పుడు ముందుకి, వెల్లకిలా ఉన్నప్పుడు పక్కకి సర్దుకుంటే కెసెకి అడ్డం రాదు. నూలు తడిస్తే సబ్బు పట్టేసి ఆరడానికి చాలాసేపు పడుతుంది. మార్చుకోవడానికి ఇంకొకటి పెట్టెలో ఉంచుకోమనండి. మొలతాడు ముడి నడుము వెనకుంటే రాతికి ఒత్తుకుంటుంది, ముడిని పక్కకి జరుపుకుని, దానిపైన పెష్తెమాల్ కట్టుకుంటే సరి. వెండిదైతే ఒకసారి చేత్తో తాకి చూసుకోవాలి.

గుండు విషయంలో మీ ఆయనకి ఒకటే మాట, నెత్తి మీద కెసె వద్దు. కత్తి నడిచిన చర్మం మీద కంటికి కనపడని గీతలుంటాయి. నురుగు, నీళ్లు పరవాలేదు. కత్తి పడి వారం దాటితే నురుగు మర్దన కూడా చేయించుకోవచ్చు. ఎండకి టోపీ మరచిపోవద్దనండి, కొత్త గుండు మాడిపోతుంది.

వీధి హమామ్‌ల మీద నా అభిప్రాయం వేరే. ధర టర్కీ డబ్బు లీరాల్లో, బోర్డు మీద టర్కిష్‌లో రాసి ఉంటుంది, తక్కువే. రుద్దే పని కొన్నిచోట్ల పేరున్నవాటికంటే బాగుంటుంది, ఎందుకంటే అక్కడికొచ్చేది వారం వారం వచ్చే స్థానికులు, వాళ్లని మోసం చెయ్యలేరు. కానీ చాలావాటిలో ఆడవాళ్లకి ప్రత్యేక వేళలో, ప్రత్యేక రోజులో మాత్రమే ప్రవేశం. భాష రాదు. బీపీ, షుగర్, మోకాళ్లు, ఇన్ని చెప్పుకోవాల్సినవాళ్లకి అది సరిపడదు. మీ ఆయన ఒక్కరే ఇంకో సాయంత్రం పోతానంటే పోనివ్వండి. అమ్మానాన్నలతో అయితే ఇంగ్లీషు వచ్చే, జంటగా కట్టిన పెద్ద హమామ్‌కే పోండి. చెంబెర్లితాష్ ట్రామ్ స్టాప్ పక్కనే, నడక తక్కువ. జాలోలు కట్టించింది ఒకటో మహమూద్ సుల్తాను, ఆయాసోఫియాలో తాను పెట్టిన గ్రంథాలయానికి ఆదాయం రావాలని. లోపలి హాలు చూడదగ్గది. ఎక్కడికి పోయినా పొద్దున తెరిచిన వెంటనే పోతే జనం తక్కువ, రాయి ఖాళీగా ఉంటుంది, రుద్దేవాళ్లకి తొందర ఉండదు. శని, ఆదివారాలు సాయంత్రం వద్దు.

లోపలికి పోయే ముందు మూడు చూసుకోండి. ఇచ్చే పెష్తెమాల్ పొడిగా ఉందా, కుర్నాలో నీళ్లు తేటగా పొర్లుతున్నాయా, కెసె కొత్తదా. ఒకరు వాడిన కెసెతో గజ్జి, పులిపిర్లు, చర్మం ఫంగస్ అంటుకుంటాయి. కౌంటరులోనే కొత్తవి అమ్ముతారు, మనిషికొకటి కొనుక్కుని వాళ్ల చేతికివ్వండి. తర్వాత ఇంటికి తెచ్చుకోవచ్చు.

టిప్ మిమ్మల్ని రుద్దినవాళ్ల చేతికే, లీరా నోట్లలో, ధరలో పదో వంతు నుంచి ఐదో వంతు లోపు. బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అందరూ వరసగా నిలబడతారు, అందరికీ పంచక్కర్లేదు. డబ్బు లాకర్లో ఉంటుంది కాబట్టి ముందే చిల్లర విడిగా మడిచి పెట్టుకోండి. మర్దన చేస్తూ చెవి దగ్గరికొచ్చి ఆయిల్ మసాజ్ కలపనా అని అడిగితే తల ఊపకండి. మనకి మాటమాటకీ తల అటూఇటూ ఊపే అలవాటు, వాళ్లు సరేనన్నారనుకుని బిల్లులో వేస్తారు. వద్దు అనడానికి "హయిర్" అని నోటితో చెప్పాలి.

పుత్తూరు కట్టు

ఇంకొకటి. ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు తలుపులు ఒక్కోచోట వేరే వేరే సందుల్లో ఉంటాయి. వేడిగదిలోకి ఫోన్లు తీసుకుపోనీరు. ఆడవాళ్లకి జుట్టు ఆరబెట్టుకునేసరికి ఎప్పుడూ ఆలస్యమే అవతాది. ఎవురు ముందొచ్చినా ఎక్కడ కూర్చోవాలో లోపలికి పోకముందే ఖాయం చేసుకోండి, ఏదన్నా టీ అంగడి అయితే మేలు. బాగా చెమట పోయినాక టీ తాగాలనే ఉంటాది, కానీ ముందు మంచినీళ్లో, ఉప్పేసిన అయ్‌రాన్ మజ్జిగో తాగండి, టీ ఆ తర్వాత.

నర్సక్క చిత్తూరు

అయ్‌రాన్ మంచిదే, కానీ నాన్నగారికి ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే ఒక గ్లాసుతో ఆపండి. కాంటాక్ట్ లెన్సులు ఎవరైనా పెట్టుకుంటే తీసేసి పోండి, తడివేడిలో అవి కంటికి అతుక్కుంటాయి.

కెసె ఇంటికి తెచ్చుకుంటే రోజూ వాడొద్దు, మన బీరకాయ పీచు అనుకుని రోజూ రుద్దితే చర్మం ఎండి పగులుతుంది. వారానికి ఒకసారి చాలు, షుగర్ ఉన్నవాళ్లు కాళ్ల మీద వాడకపోవడమే మంచిది. వాడాక సబ్బుతో ఉతికి, తిరగేసి, బాత్‌రూములో కాకుండా గాలి తగిలే చోట ఆరెయ్యాలి. తిరుగు ప్రయాణం రోజు తడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి విమానం ఎక్కించారంటే చెన్నైలో తీసేసరికి ముక్క వాసన వస్తుంది. ముందురోజు రాత్రే ఉతికి హోటల్ గదిలో హీటర్ దగ్గర ఆరబెట్టుకోండి.